జంట పాసు మీద మా ముగ్గురి ప్రయాణం

ప్రేమను కొలవడానికి మానవజాతి యుగాలుగా చేసిన ప్రయత్నాలన్నీ విఫలమయ్యాక, ఆ బాధ్యతను ఒక రైలు పాసుల సంస్థ స్వీకరించింది. స్వీకరించి, కొలిచి, ప్రేమ విలువ నలభై శాతమని తేల్చింది. జంటగా తిరిగేవాళ్లకు ఐరోపా అంతటా ఛార్జీలో అంత తగ్గింపు. ఒంటరిగా తిరిగేవాళ్లు మొత్తం కట్టాలి. (వాళ్లు ఎలాగూ దిగులుగానే ఉంటారు కనుక కొత్తగా నష్టపోయేదేమీ లేదని సంస్థ ఉద్దేశం.) ఆ సంస్థ పేరు ‘ద్వయం’. దాని జంట పాసు మీద పంతొమ్మిది రోజుల్లో పదకొండు దేశాలు చూడవచ్చు. చూస్తున్నంతసేపూ జంటగానే ఉండాలి. షరతు అదొక్కటే. దాని కింద నూట నాలుగు ఉపషరతులు ఉన్నాయి.

నా పేరు లుబోష్. చెక్ దేశంలోని బర్నో నగరంలో ఒక వారపత్రికకు కాలమ్ రాస్తాను, అంటే ఫిర్యాదు చేయడమే నా ఉద్యోగం. రాద్కా కళ్లద్దాల దుకాణంలో పనిచేస్తుంది. రోజంతా జనాన్ని కుర్చీలో కూర్చోబెట్టి, ఈ అద్దం బాగుందా ఆ అద్దం బాగుందా అని అడిగి, సూటిగా జవాబు రాబట్టడం ఆమె పని. మేమిద్దరం ఏడేళ్లుగా ఒకే ఇంట్లో ఉంటున్నాం. పెళ్లి మాట నేను ఎత్తలేదు. ఎత్తే ఉద్దేశం లేక కాదు, సముద్రం దగ్గర ఎత్తుదామని. మాది సముద్రం లేని దేశం. (అయినా ఎదురుపడితే ఓడ మీది సరంగుల్లా ‘ఆహోయ్’ అని పలకరించుకుంటాం. సముద్రం ఎప్పుడైనా వస్తే సిద్ధంగా ఉండాలి కదా.) అందుకని ముఖ్యమైన మాటలన్నీ సముద్రం కోసం దాచుకుంటాం. ఈ ఏడేళ్లలో మూడుసార్లు సముద్రానికి వెళ్లాం. ఒకసారి వాన పడింది. ఒకసారి నాకు కడుపు పాడైంది. మూడోసారి వాతావరణం, కడుపు రెండూ బాగున్నాయి, ధైర్యం రాలేదు.

ఈసారి అలా జరగకూడదని మా నాయనమ్మ ఎర్రరాయి ఉంగరాన్ని బూడిదరంగు ఊలు మేజోడులో చుట్టి, వీపు సంచి అడుగున పెట్టాను. ప్రయాణంలో మూడో రోజు ఇటలీలోని త్రియెస్తే చేరతాం. అక్కడ సముద్రంలోకి పొడుగ్గా చొచ్చుకుపోయిన రేవుగట్టు ఉంది. దాని చివరిదాకా నడిచి అడగాలని పథకం. ఇంత పకడ్బందీ పథకం వేసినవాడెవడూ సంస్థల గురించి ఆలోచించడు.

దరఖాస్తు ఫోన్‌లోనే నింపాం. మేము జంటే అని, ప్రయాణకాలమంతా జంటగానే ఉంటామని, కొట్లాడుకున్నా ఒకే పెట్టెలో కొట్లాడుకుంటామని హామీ ఇచ్చాం. ‘మీ బంధం ఏ రకం?’ అన్న ప్రశ్న కింద పెళ్లయినవారు, నిశ్చితార్థమైనవారు, ఇతరులు అని మూడు గడులు వచ్చాయి.

“ఇతరులు నొక్కు,” అంది రాద్కా. “ఏడేళ్ల నుంచీ మనం వాళ్లమేగా.”

నొక్కాను. సంచి అడుగున మేజోడు ఉందన్న ధైర్యంతో నవ్వాను కూడా.

స్టేషనుకి రాద్కా వాళ్లమ్మ వ్లాస్తా గారు వచ్చారు. రొట్టెపొడి అద్ది వేయించిన మాంసపు ముక్కలు ఇరవయ్యారు, కాగితాల్లో చుట్టి తెచ్చారు. పరాయి దేశంలో తిండి కొనడం మా వాళ్ల దృష్టిలో దుబారా కాదు, నైతిక పతనం.

“అబ్బాయ్, మనిషికొకటి లెక్కన పదమూడు రోజులొస్తాయి. తర్వాత మాంసం ముద్ద డబ్బాలున్నాయి, అవి తెరవండి. హోటల్ గడప తొక్కారంటే నా మీద ఒట్టే,” అన్నారామె.

“ఎండలు కదండీ, పాడవ్వవూ?”

“మా ఆయన క్రొయేషియాకి పన్నెండు రోజులు పట్టుకెళ్లాడు. ఆయనకేమైనా అయిందా?”

(పదమూడో రోజు ఆసుపత్రిలో చేరాడు. దానికి కారణం సముద్రపు గాలి అని ఆ కుటుంబంలో నేటికీ ఏకాభిప్రాయం ఉంది.)

వియన్నా దాటి రైలు కొండలెక్కుతుండగా ‘ద్వయం’ తనిఖీ అధికారిణి ఎడ్లింగర్ గారు మా పెట్టెలోకి వచ్చారు. ఏడో ఉపషరతు ప్రకారం అధికారి జంటలో ఎవరినైనా ఒకరిని ఒకే ఒక్క ప్రశ్న అడగాలి. ఎవరికీ అన్యాయం జరగకుండా దాన్ని ఇంగ్లీషులో అడగాలి. జవాబు నోటితోనే చెప్పాలి. తల ఊపడం చెల్లదు. (బల్గేరియాలో అవునన్నదానికీ కాదన్నదానికీ తల తిప్పే తీరు తారుమారు. సంస్థ అక్కడ ఒకసారి ఘోరంగా దెబ్బతింది.)

“మీరిద్దరూ జంటేనా?” అని ఆమె రాద్కాను అడిగారు.

రాద్కా నోట్లో అప్పటికి ఆ రోజు రేషను ఉంది. నములుతూనే, ఇష్టంగా, “నో, నో” అంది.

ఇక్కడ ఒక వివరణ తప్పదు. మా చెక్ భాషలో ‘ఆనో’ అంటే అవును. అంత పొడుగు మాట రోజూ ఎవరంటారని మొదటి అక్షరం మింగేసి ‘నో’ అంటాం. ఒకసారి ‘నో’ అంటే ఆఁ. రెండుసార్లు ‘నో, నో’ అంటే ఆఁ మరి, కాకపోతే ఏంటి అని. సాగదీసి ‘నోఓ’ అంటే అంత ఇష్టం లేదుగాని సరే. ‘నో యో’ అంటే ఇక చేసేదేముంది, సర్లే. ఈ మాట మీద మా దేశం వెయ్యేళ్లుగా సజావుగా నడుస్తోంది.

ఎడ్లింగర్ గారు తన పలక మీద ఏదో నొక్కారు. మా ఇద్దరి ఫోన్లూ ఒకేసారి మోగాయి. అదే మేము జంటగా అందుకున్న ఆఖరి సందేశం.

“అమ్మా, మా భాషలో ‘నో’ అంటే అవును అని అర్థమండీ,” అన్నాను లేచి నిలబడి.

“మరి కాదనాలంటే ఏమంటారు?”

“నె.”

“గ్రీసులో ‘నె’ అంటే అవును. నేనక్కడ రెండేళ్లు చేశాను,” అన్నారామె దయగా. “ఒక్కో దేశం వాళ్లకోసం ఒక్కో అర్థం రాసుకుంటూ పోతే మేం రైలు నడపగలమా, బాబూ? రెండుసార్లు చెప్పింది కూడాను. సందేహం ఉన్న ఆడపిల్ల ఒక్కసారే అంటుంది.”

ఫోన్‌లో ఇలా ఉంది: ‘మీ వియోగానికి ద్వయం కుటుంబం చింతిస్తోంది. మీ మాజీ తోడుకు ఐదింటిలో ఎన్ని నక్షత్రాలు ఇస్తారు?’

రాద్కా నాలుగిచ్చింది.

“నాలుగేనా?” అన్నాను.

“ఐదోది సముద్రం దగ్గరిద్దామని దాచా,” అంది కిటికీలోంచి చూస్తూ.

ఆ సాయంత్రం గ్రాత్స్ ఊళ్లోని చవక విడిదిలో మా గది రద్దయింది. నన్ను మగవాళ్ల పన్నెండు మంచాల హాల్లోకి, ఆమెను ఆడవాళ్ల హాల్లోకి పంపారు. మర్నాడు పొద్దున్నే మరో సందేశం వచ్చింది. పాసు రాద్కా పేరు మీద ఉంది. అందులో సగం ఖాళీగా ప్రయాణించడం తొమ్మిదో ఉపషరతుకు విరుద్ధం. కనుక ఆ ఖాళీని అర్హుడైన వ్యక్తితో భర్తీ చేశారు. పేరు ఆర్నె. దేశం ఫిన్లాండ్. వృత్తి పియానోలకు శ్రుతి సరిచేయడం. జంటగా అనుభవం ముప్ఫై ఒక్క సంవత్సరాలు.

ఆర్నె గారు టిఫిను బల్ల దగ్గరికి తనే వచ్చారు. అరవై ఏళ్లుంటాయి. తలుపు చట్రమంత ఎత్తు మనిషి. టోపీ తీసి చేత్తో పట్టుకున్నారు.

“మిమ్మల్ని ఇబ్బంది పెడుతున్నానమ్మా,” అన్నారు రాద్కాతో. “నాకు వేరే దారి లేదు. మా ఆవిడ సిర్కాని బెల్జియంలో పళ్ల డాక్టరుకిచ్చేశారు.”

“అయ్యో. మీరూ ‘నో’ అన్నారా?”

“లేదు. అవుననే అన్నాను. కాకపోతే మావైపు ఇష్టంగా ఒప్పుకునేటప్పుడు ఆ మాటని ఊపిరి లోపలికి పీల్చుతూ అంటాం.” ఆయన చేసి చూపించారు. ‘యో’ అన్న చిన్న చప్పుడు గొంతులోకి వెళ్లిపోయింది. “తనిఖీ ఆయనకి వినపడలేదు. మౌనం అని రాసుకున్నాడు.”

నాకు ఆ క్షణంలో ఆయన మీద రావలసిన అసూయ రాలేదు. ముప్ఫై ఒక్క ఏళ్లుగా ఊపిరి లోపలికి పీల్చి అవునంటున్నవాణ్ణి చూసి ఎవరైనా ఏం అసూయపడతారు.

ఇక మిగిలింది నేను. పాసులో నాకు చోటు వెతికాం. జంట గడులు రెండూ నిండిపోయాయి. కింద ఇంకో రెండు గడులున్నాయి: ‘ఆరేళ్లలోపు బిడ్డ’, ‘పెంపుడు జంతువు’. మొదటి గడిలో నా ఫొటో పెట్టాం. గడ్డం ఉన్న కారణంగా తిరస్కరించారు. రెండో గడిలో అదే ఫొటో పెట్టాం. నాలుగు సెకన్లలో ఆమోదించారు.

“జాతి ఏంటని అడుగుతోంది,” అంది రాద్కా.

“చెక్ అని రాయి.”

“కుక్క జాతి.” కాసేపు నన్ను తేరిపార చూసింది. “మిశ్రమం అని పెడుతున్నా. అరుస్తుందా అని కూడా అడుగుతున్నాడు.”

“వారానికొకసారి, పత్రికలో,” అన్నాను.

టీకా పత్రం కూడా కావాలన్నారు. అడవి పిడుదుల జ్వరానికి మా దేశంలో అందరం వేయించుకునే టీకా కార్డు నా జేబులో ఉంది, అది సరిపోయింది. జంతువులకు సామాను హక్కు లేదు కాబట్టి నా సంచిని ఆర్నె గారి పేరుకు మార్చి, జిప్పులకు సీలు వేశారు. దాన్ని ఆయనే, అది కూడా ద్వయం అధికారి సమక్షంలో మాత్రమే తెరవాలట. మా నాయనమ్మ ఉంగరం చట్టప్రకారం ఫిన్లాండ్ పౌరుడి సొత్తయింది. ఈ ఒక్క మాటకు మాత్రం నేను నిజంగా భయపడ్డాను. రాద్కాకు చెప్పే వీల్లేదు. ఆర్నె గారిని పక్కకు లాగి సంగతంతా చెప్పాను. ఆయన చాలాసేపు ఆలోచించి, సంచిని రెండు చేతులతో గుండెకు హత్తుకుని, ఊపిరి లోపలికి పీల్చారు.

రైలు స్లొవేనియాలోకి వెళ్లగానే కొత్త అధికారి వచ్చాడు. యువకుడు, నియమాలు తెలిసినవాడు. రాద్కా, ఆర్నె గార్ల పాసు చూసి శుభాకాంక్షలు చెప్పాడు. తర్వాత సీటు మీద కూర్చున్న నన్ను చూశాడు.

“మీ కుక్క సీటెక్కింది, మేడమ్.”

“దిగు, లుబోష్,” అంది రాద్కా. ఆమె గొంతులో నాకు అనవసరమనిపించేంత హుషారు వినిపించింది.

దిగి కింద కూర్చున్నాను.

“మూతికట్టు ఏది?”

“కరవడండీ,” అన్నారు ఆర్నె గారు.

“అందరూ అదే అంటారు, సార్.”

రాద్కా తన నీలం కండువా తీసి నా మూతికి కట్టింది. కడుతూ కడుతూ నవ్వు ఆపుకోలేక నా భుజం మీద తల వాల్చేసింది. నాకూ నవ్వు ఆగలేదు. అధికారి దాన్ని గుర్రుమనడంగా నమోదు చేసుకుని వెళ్లిపోయాడు. ల్యుబ్లియానా వచ్చేదాకా ఆర్నె గారు బల్ల కిందికి వేయించిన ముక్కలు అందిస్తూనే ఉన్నారు. నిజం చెప్పొద్దూ, ఏడేళ్లలో మేమంత సంతోషంగా చేసిన ప్రయాణం ఇంకొకటి లేదు.

జంటల్ని తిరిగి కలిపే కౌంటరు త్రియెస్తేలోనే ఉంది. మంగళ, గురువారాల్లో పదీ పది నుంచి పదకొండూ నలభై దాకా తెరుస్తారు. మధ్యలో ముప్పావు గంట కాఫీకి మూస్తారు. మేం మంగళవారం ఎనిమిదింటికే వెళ్లేసరికి వరస వీధి మలుపు దాటింది. అందులో ఉన్నవాళ్లంతా ఏదో ఒక భాషలో అవునన్న నేరానికి వచ్చినవాళ్లే. తల ఊపిన బల్గేరియా ముసలి దంపతులు, ‘నె’ అన్న గ్రీకు కుర్రజంట, నోరు తెరవకుండా నాలుకతో టక్కుమనిపించిన ఒకాయన. విడిపోయినవాళ్లు కలిసి నిలబడకూడదు కాబట్టి ప్రతి జంటకూ వేర్వేరు టోకెన్లు ఇచ్చారు. నాది నలభై ఒకటి. రాద్కాది తొంభై ఆరు.

వరస పక్కన గోడ మీద కూర్చున్నాం. అక్కణ్ణుంచి సముద్రం ముక్క ఒకటి కనిపిస్తోంది, ఎదురింటివాళ్లు ఆరేసిన దుప్పటంత.

“లోపల మాత్రం ‘ఎస్’ అనాలి. గుర్తుంటుందా?” అన్నాను.

“నలభైసార్లు చెప్పించావు, గుర్తుంది.”

“ఆ రోజు కాస్త నమలడం ఆపి చెప్పుంటే ఇదంతా ఉండేది కాదు.”

రాద్కా నావైపు తిరిగింది. నవ్వడం లేదు.

“లుబోష్, ఒకటి చెప్పనా. ఈ ఏడేళ్లలో నన్ను ఆ ప్రశ్న అడిగింది ఆవిడొక్కతే. ఎవరో రైలావిడ. టోపీ పెట్టుకుని, పలక పట్టుకుని వచ్చి అడిగింది. మీరిద్దరూ జంటేనా అని. నాకెంత బాగా అనిపించిందో తెలుసా? అందుకే రెండుసార్లన్నాను.”

నా దగ్గర జవాబు ఉంది. అది సీలు వేసిన సంచిలో, ఆర్నె గారి ఒళ్లో ఉంది. ఇలాంటి సందర్భంలో మనిషి ఏం చెప్పాలో నూట నాలుగు ఉపషరతుల్లో ఎక్కడా లేదు.

నలభై ఒకటి పిలిచారు; జంతువు ఒంటరిగా రాకూడదని యజమానులిద్దరూ నాతో లోపలికొచ్చారు. కౌంటరు వెనక దొత్తోర్ ఫుర్లానిచ్ గారు కూర్చున్నారు. (ఇటలీలో కౌంటరు వెనక కూర్చున్న ప్రతివారూ డాక్టరే. వైద్యం ఒక్కటే చేయరు.) ఆయన మా కాగితాలన్నీ ఓపికగా చదివారు. మూడుసార్లు తల పైకెత్తి నన్ను చూసి, మూడుసార్లూ ‘మిశ్రమం’ అన్న మాట దగ్గర ఆగారు.

“పద్ధతి చెబుతాను,” అన్నారు. “ముందు ప్రస్తుత జంట అయిన ఈ పెద్దాయన అభ్యంతరం లేదని చెప్పాలి. తర్వాత దరఖాస్తుదారు ఆమెను స్వయంగా అడగాలి. ప్రశ్న మాతృభాషలో ఉండాలి, భావం చెడకుండా. జవాబు ఇంగ్లీషులో ఉండాలి, దస్త్రం చెడకుండా. సార్, ఈ బంధాన్ని వదులుకోవడం మీకు సమ్మతమేనా?”

ఊపిరి బయటికి వదులుతూ చెప్పమని ఆర్నె గారికి కూడా నేర్పించాం. ఆయన రాద్కాను చూశారు, నన్ను చూశారు. ముఖమంతా వెలిగిపోయింది. మనస్ఫూర్తిగా ఒప్పుకున్నారు కాబట్టి మాట లోపలికే పోయింది. దొత్తోర్ గారు గోడ గడియారం చూస్తూ ఒక నిమిషం ఆగి, ‘మౌనం’ అని రాసుకున్నారు, అది అభ్యంతరం కిందికి రాదన్నారు.

“ఇక మీరు అడగండి. పాఠం ఎదురుగా ఉంది.”

అద్దానికి అంటించిన కాగితం మీద పాఠం ఉంది: ‘మన ఉమ్మడి ప్రయాణ హోదాను పునరుద్ధరించుకొనుటకు నీకు సమ్మతమేనా?’ నేను దాన్ని చదివాను. కిటికీ వైపు చూశాను. ఇక్కణ్ణుంచి సముద్రం అసలే కనపడటం లేదు. వాన లేదు, కడుపు బాగానే ఉంది.

“ఆర్నె గారూ, నా మేజోడు ఇస్తారా?” అన్నాను.

ఆయన అధికారి సమక్షంలో సీలు తెంపి, సంచి అడుగున వెతికి, ఆ మేజోడును పసిబిడ్డను అందించినట్టు అందించారు. నేను ఉంగరం బయటికి తీశాను. రాద్కా మేజోడును చూసింది, ఉంగరాన్ని చూసింది, నన్ను చూసింది.

“రాద్కా, నన్ను పెళ్లి చేసుకుంటావా?”

వెనక వరసంతా మెడలు సాచి చూసింది. అందులో ఒక్కరికి కూడా మా భాష రాదు. అందరికీ అర్థమైంది.

“నో,” అంది రాద్కా. కళ్లల్లో నీళ్లు తిరిగాయి. “నో, నో. నో యో, ఎన్నాళ్లకి.”

ఎంత నేర్పినా కొన్ని జవాబులు నేర్చుకున్న భాషలో రావు. ఆ సంగతి నాకు ఆ రోజు తెలిసింది.

దొత్తోర్ ఫుర్లానిచ్ గారు కలం పెట్టి, ‘నో’ కింద నాలుగు గీతలు గీశారు. బరువుగా నిట్టూర్చి, దరఖాస్తు మీద తిరస్కరణ ముద్ర కొట్టారు. నాకొక కాగితపు రుమాలు, ఒంటరి ప్రయాణికుల పాసు గురించిన కరపత్రం ఇచ్చారు. ఈలోగా రాద్కా నా మెడ చుట్టూ చేతులు వేసి ముద్దు పెట్టుకుంటోంది.

“కాదనడంలో కూడా ఎంత మర్యాద చూడండి,” అన్నారాయన ఆర్నె గారితో. “మా అమ్మాయిలకి ఇది రాదు.”

రేవుగట్టు చివరిదాకా ముగ్గురం నడిచాం. ఉంగరం రాద్కా వేలికి కొంచెం వదులైంది. దానికి దారం చుట్టాం. ఐదో నక్షత్రం ఇద్దామని ఆమె ఫోన్ తీసింది, గడువు ముగిసిపోయిందని వచ్చింది. మిగిలిన పదహారు రోజులూ, ఎనిమిది దేశాలూ అదే పాసు మీద తిరిగాం. నేను కిందే కూర్చున్నాను. చివర్న పోర్చుగల్‌లోని పోర్టో స్టేషనులో సిర్కా గారు పళ్ల డాక్టరుతో రైలు దిగారు. ఆర్నె గారు ఆమెను చూసి పీల్చిన ఊపిరికి పక్కనున్న పావురాలు లేచిపోయాయి.

మరుసటి జూన్‌లో బర్నో పురమందిరంలో మా పెళ్లయింది. నమోదు అధికారిణి మమ్మల్ని ముందే హెచ్చరించారు, చట్టం ముందు సగం మాట చెల్లదు, ‘ఆనో’ అని మొత్తం పలకాలని. రాద్కా మొత్తం పలికింది. వ్లాస్తా గారు నూట నలభై ముక్కలు వేయించుకొచ్చారు. ఆర్నె గారు సాక్షి సంతకం చేశారు.

ఇదంతా జరిగి ఐదేళ్లు. మొన్న సోమవారం రాద్కాకు ద్వయం సంస్థ నుంచి లేఖ వచ్చింది. తమ రికార్డుల్లో గడిచిన ఐదేళ్లుగా ఒక్క ఫిర్యాదు, ఒక్క గొడవ కూడా లేకుండా కాపురం చేసిన జంట యావత్ ఐరోపాలో ఒకటే ఉందట. అది రాద్కా, ఆర్నె గార్లది. ఆదర్శ జంటగా ఎంపిక చేసి, సముద్రతీరాన వారం రోజుల విడిది బహూకరించారు. పెంపుడు జంతువులను వెంట తెచ్చుకోవచ్చన్నారు. ఆర్నె గారు అప్పుడే ఫోన్ చేశారు. సిర్కా గారు కూడా వస్తున్నారట, పిల్లి గడిలో.

వెళ్దామా అని రాద్కాను అడిగాను. “నో” అంది. నా మూతికట్టు వెతుక్కుంటున్నాను.